24 మార్చబోయి 8 దగ్గర ఆగాను: చిన్న కారబైనర్ల ప్రాజెక్టు డైరీ

మొదటి రోజు

డ్రాయరు తీసి నేల మీద బోర్లించాను. రాతి గోడలు ఎక్కేటప్పుడు వాడే క్విక్‌డ్రాలు 12. క్విక్‌డ్రా అంటే పొట్టి పట్టీకి రెండు కొసలా ఒక్కో కారబైనర్ (స్ప్రింగు గేటున్న లోహపు కొక్కెం), ఒకటి రాతిలో దిగ్గొట్టిన బోల్టుకు, రెండోది తాడుకు. అంటే కారబైనర్లు 24. ఇవి కాక చిన్నా పెద్దా ఇంకో 17 ఉన్నాయి, వాటిలో సగం ఎప్పుడు కొన్నానో ఎవరిచ్చారో కూడా గుర్తు లేదు. పోయినసారి పెద్ద రూట్‌కి (రాతి మీద ఎక్కే దారికి) వెళ్ళినప్పుడు హార్నెస్ (నడుముకూ తొడలకూ కట్టుకునే పట్టీ) కిందికి జారిపోతుంటే దాన్ని పైకి లాక్కోవడంతోనే సగం ఓపిక అయిపోయింది. అందుకే ఈ 24 తీసేసి చిన్నవి, తేలికవి పెడదామని మొదలుపెట్టాను. ప్రాజెక్టు అంతే. రెండు వారాల్లో తేలిపోతుందనుకున్నాను (తేలలేదు).

వంటింటి తూకం మీద ఒక్కోటీ పెట్టి చూశాను. పాతవి 43 నుంచి 47 గ్రాముల మధ్య ఉన్నాయి, సగటున 45 అనుకుందాం. 24 కలిపితే 1080 గ్రాములు. ఇప్పుడొస్తున్న చిన్నవి చూస్తే ఆశ పుడుతుంది. బ్లాక్ డైమండ్ మినీవైర్ 23 గ్రాములు. క్యాంప్ నానో 22కి పేరులోనే బరువుంది. ఎడెల్‌రిడ్ నైన్‌టీన్ జీ అయితే 19 గ్రాముల దగ్గరికి దిగిపోయింది. 23 చొప్పున వేసుకున్నా 24కి 552 గ్రాములు, అంటే అర కిలో పైనే మిగులు. కాగితం మీద లెక్క ఎప్పుడూ ఇంత అందంగానే ఉంటుంది.

తూకం అయ్యాక వెన్ను (గేటుకు ఎదుటి పక్క) మీది అంకెలు చదవడానికి కూర్చున్నాను. ఎక్కడానికి పనికొచ్చే ప్రతి కారబైనర్ మీదా మూడు అంకెలు చెక్కి ఉంటాయి: నిలువుగా లాగితే ఎంత, అడ్డంగా లాగితే ఎంత, గేటు తెరుచుకుని ఉండగా లాగితే ఎంత. యూరప్ ప్రమాణం ఈఎన్ 12275 ప్రకారం మామూలు రకానికి నిలువుగా కనీసం 20 కిలోన్యూటన్లు, అడ్డంగా 7, గేటు తెరిచి 7 ఉండాలి. ఒక కిలోన్యూటన్ అంటే సుమారు 102 కిలోల బరువు. 45 గ్రాములదైనా 22 గ్రాములదైనా ఈ పరీక్ష దాటి రావాల్సిందే కాబట్టి, చిన్నది కదా తెగిపోతుందేమో అన్న భయం అక్కర్లేదు. ఆ 20 ఎందుకో కూడా లెక్కేసి చూసుకున్నాను. 80 కిలోల బరువుతో చేసే ప్రామాణిక పరీక్షలో డైనమిక్ తాడు (కుదుపుకు సాగే రకం) 12 కిలోన్యూటన్లకు మించి గుంజకూడదు. పడినవాడి వైపు 12 అయితే, కారబైనర్ మీది రాపిడి కొంత తినేయగా బిలే వైపు (కింద తాడు పట్టుకున్నవాడి వైపు) ఇంకో 8 దాకా పడుతుంది. రెండు పోగులూ కిందికే లాగుతాయి కాబట్టి పై కారబైనర్ మీద పడేది 20. మామూలు పడిపోవడాల్లో ఇందులో సగం కూడా రాదు.

ఆ 17లో 11 మీద అసలు అంకెలే లేవు, కొన్నిటి మీద మాత్రం ఎక్కడానికి వాడొద్దని సన్నటి అక్షరాలతో ఉంది. వాటిని వేరే డబ్బాలో పడేశాను. ఆ డబ్బా సంగతి నాలుగో వారంలో వస్తుంది.

నాలుగో రోజు

ముందు 12 తెప్పించాను, అన్నీ 23 గ్రాములవే, వైర్ గేటువి (గేటు లావు కడ్డీకి బదులు తీగతో ఉండేవి). ఏ కంపెనీవో చెప్పను, ఎందుకంటే కింద రాసిన తిప్పలన్నీ ఆ సైజు వల్ల వచ్చినవే, ఏ కంపెనీది కొన్నా తప్పేవి కావు. పెట్టె విప్పి ఒకటి చేతిలో పెడితే, నాతో ఎక్కే కుర్రాడు తిప్పి తిప్పి చూసి, "అన్నా, ఇది తాళాలకు తగిలించుకునేదా, మనకు తగిలించుకునేదా?" అన్నాడు. వెన్ను మీది 20 చూపించాను. నమ్మాడు కానీ మొహంలో టెన్షన్ పోలేదు.

గేటు పూర్తిగా నొక్కి లోపలి ఖాళీని స్కేలుతో కొలిచాను. పాతవి 26 మిల్లీమీటర్లు, కొత్తవి 21. ఐదు మిల్లీమీటర్లే కదా అనిపిస్తుంది. నా చూపుడు వేలు వెడల్పు 18. తాడు 10. తాడును వేలితో నెట్టి గేటులోకి దించేటప్పుడు వేలి కొన కూడా కాస్త లోపలికి వెళ్ళాలి. పాతదాంట్లో వేలు వెళ్ళి వస్తుంది. కొత్తదాంట్లో వెళుతుంది కానీ రాదు, తాడుకూ గేటు తీగకూ మధ్య ఇరుక్కుంటుంది.

తలుపు పైనున్న మేకుకు క్విక్‌డ్రా తగిలించి, తాడు ముక్క హార్నెస్‌కు కట్టుకుని, ఎడమ చేత్తో పాతిక, కుడి చేత్తో పాతిక, మొత్తం 50 సార్లు క్లిప్ చేశాను. పాతవాటికి మొదటి ప్రయత్నంలో పడినవి 47. చిన్నవాటికి 36. అదీ నేల మీద నిలబడి, ఊపిరి మామూలుగా ఉన్నప్పుడు. చేతులు వణుకుతూ, కాలి కింద గోరంత అంచు మీద నిలబడి చేసేటప్పుడు ఆ 36 ఎంతకు దిగుతుందో ఊహించుకోవచ్చు. చలి గ్లవ్స్ తొడుక్కుని కూడా మొదలుపెట్టాను, పది దాటాక విసుగొచ్చి మానేశాను, రెండే పడ్డాయి.

ఈ రోజే సగం ప్రాజెక్టు కూలిపోయిందని ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు మాత్రం అలవాటైతే అదే వస్తుందిలే అని సర్దిచెప్పుకున్నాను.

ఆరో రోజు

ఈ ఆట ఎవరైనా ఇంట్లో చేసుకోవచ్చు. కారబైనర్‌ను గేటు బయటికి ఉండేలా పట్టుకుని, వెన్నును అరచేతి కేసి గట్టిగా కొట్టండి. లావు గేటుదైతే టక్కుమని చప్పుడు వస్తుంది. అది గేటు ఒక్క క్షణం తెరుచుకుని మళ్ళీ మూసుకున్న చప్పుడు. గేటు బరువుగా ఉంటే వెన్ను ఆగినా అది తన ఊపులో లోపలికి పోతుంది. పడిపోయేటప్పుడు కారబైనర్ రాతికి కొట్టుకున్నా, తాడు దాని గుండా వేగంగా పరిగెత్తి అదిరినా ఇదే జరుగుతుంది. సరిగ్గా ఆ క్షణంలో బరువు పడితే మన దగ్గరున్నది 20 కాదు, 7.

వైర్ గేటుకు బరువు తక్కువ కాబట్టి ఆ ఊపు తక్కువ. నా పాత లావు గేటువాటిలో 24కి 24 టక్కుమన్నాయి. కొత్తవాటిలో ఎంత కొట్టినా 12లో రెండే కాస్త కదిలాయి. గ్రాముల కోసం కొంటే ఇది ఊరికే కలిసొచ్చింది. పైగా తీగ గేటులో మంచు చేరి బిగుసుకుపోవడం కూడా తక్కువ.

రెండో వారం

రాతి మీదికి తీసుకెళ్ళాను. 12 క్విక్‌డ్రాల్లో ఆరింటికి రెండు వైపులా చిన్నవి, మిగతా ఆరు పాతవి పాతట్టే, పక్కపక్కనే పోల్చుకోవచ్చని.

మొదటి రూట్ వాలుగా ఉండే పలక. కాళ్ళ మీద హాయిగా నిలబడొచ్చు కాబట్టి చిన్నవి ఏ ఇబ్బందీ పెట్టలేదు, పైగా నడుము మీద అవి ఉన్నట్టే లేదు. ఇంతేనా అనుకున్నాను. రెండోది ముందుకు వాలిన గోడ. నాలుగో బోల్టు దగ్గర తాడు పైకి లాగి క్లిప్ చేయబోతే వేలు ఇరుక్కుంది. వేలు తీసుకుంటే తాడు బయటికొచ్చింది. మళ్ళీ పెట్టాను, మళ్ళీ అదే. మూడోసారికి ముంజేయి రాయిలా బిగిసిపోయి, చేతిలో తాడు బారెడు వదులుగా ఉండగా జారాను. నాలుగైదు మీటర్లు పడ్డాను, దెబ్బలేం లేవు. కింద నుంచి కుర్రాడు "ఏమైందన్నా, పట్టు జారిందా?" అన్నాడు. పట్టు ఎక్కడ జారింది, క్లిప్ పడలేదంతే.

తాడు వైపు చిన్నది వద్దన్న నిర్ణయం అక్కడే, గాల్లో వేలాడుతూ తీసుకున్నాను.

దిగుతూ క్విక్‌డ్రాలు తీసుకుంటుంటే రెండో గుణం బయటపడింది. వైర్ గేటు వాటిలో చాలావాటికి ముక్కు కొసన, అంటే గేటు వచ్చి ఆనే చోట, కొక్కెంలాంటి గాడి ఉంటుంది, తీగ అందులో కూర్చుంటుంది. బోల్టు హ్యాంగర్ (బోల్టుకు బిగించిన లోహపు రేకు) రంధ్రంలోంచి బయటికి లాగేటప్పుడు ఆ గాడి అంచుకు తగులుకుంటుంది. ముందుకు వాలిన గోడ మీద నా బరువు తాడు మీద, తాడు ఆ క్విక్‌డ్రా మీద ఉన్నప్పుడు అది తగులుకుంటే ఇక ఒక చేత్తో గోడకు కరుచుకుని రెండో చేత్తో దాన్ని బతిమాలుకోవాలి. లాగడంలో విసుగు సంగతి పక్కన పెడితే, ఎక్కుతున్నప్పుడు ఎప్పుడైనా ముక్కు మాత్రమే హ్యాంగర్ అంచు మీద కొక్కెంలా నిలిచి, ఆ స్థితిలో బరువు పడితే, వెన్ను మీద రాసిన మూడు అంకెల్లో ఏదీ వర్తించదు. గేటు తెరిచి లాగిన 7 కంటే చాలా కిందికి పోతుంది. ముక్కు నునుపుగా, గాడి లేకుండా ఉండేవాటిని కీలాక్ అంటారు. తేలికైన వాటిలో కూడా కీలాక్‌వి ఉన్నాయి కానీ కొన్ని గ్రాములు ఎక్కువ తూగుతాయి. బోల్టు వైపు, అందులోనూ ముందుకు వాలిన రూట్లలో, ఆ కొన్ని గ్రాములు దండగ కాదు.

ఇంకో చిన్న విషయం. పైన స్టేషన్‌లో (ఎక్కాక ఆగి కట్టుకునే చోట) నన్ను నేను క్లోవ్ హిచ్ అనే ముడితో కట్టుకోబోతే చిన్నదాంట్లో ముడి పట్టింది గానీ పక్కన ఇంకోదానికి చోటు లేదు. ముడి వెళ్ళి గేటు మీద కూర్చుంటోంది. స్టేషన్‌లో ఎలాగూ లాక్ ఉన్న పెద్దదే వాడాలి, నేను కక్కుర్తిపడ్డాను.

మూడో వారం

ఈ వారమంతా అరుగుదల మీద గడిచింది.

చిన్న కారబైనర్ అడ్డుకోతను చూస్తే ఇంగ్లిష్ అక్షరం ఐ ఆకారంలో ఉంటుంది, రెండు పక్కలా లోహం చెక్కేసి నడుము సన్నగా ఉంచుతారు. రైలు పట్టా ఎందుకలా ఉంటుందో ఇదీ అందుకే, తక్కువ లోహంతో ఎక్కువ బలం. కానీ తాడు ఆనే చోట గుండ్రం చిన్నదైపోతుంది. చిన్న గుండ్రం మీద తాడు పదునుగా వంగుతుంది, పై తొడుగు ఎక్కువ నలుగుతుంది. ఒకసారి పడితే తేడా తెలియదు. రోజంతా టాప్ రోప్ వేసి (తాడును పై నుంచి వేలాడదీసి) పదిమంది ఎక్కి దిగితే తెలుస్తుంది, అల్యూమినియం కదా, ఇసుక పట్టిన తాడు ఆకురాయిలా రాస్తుంది. నా పాతవాటిలో ఒకదానికి పడిన గాడిలో గోరు ఆనించి చూస్తే టక్కున ఆగింది. లోతు ఒక మిల్లీమీటరు దాకా వస్తే పక్కన పెట్టేయమంటారు, నాది దాటిందో లేదో కొలవడం కూడా అనవసరమనిపించి తీసేశాను. గాడి లోతు కంటే దాని అంచు ప్రమాదం. అరిగి అరిగి అంచు కత్తిలా తేలితే, పడినప్పుడు తాడును అదే కోస్తుంది. చిన్నదాంట్లో అరగడానికి లోహమే తక్కువ కాబట్టి ఆ రోజు త్వరగా వస్తుంది.

దీంతో నా ఏర్పాటు ఇలా మారింది. తాడు వైపు పాతవి, గుండ్రంగా లావుగా ఉన్నవే ఉంటాయి. రాతి వైపు చిన్నవి. ఒకసారి బోల్టు వైపు అన్నాక ఎప్పటికీ బోల్టు వైపే, ఎందుకంటే ఉక్కు హ్యాంగర్ అల్యూమినియాన్ని గాట్లు పెడుతుంది, ఆ గాట్ల మీద రేపు తాడు పరిగెత్తకూడదు. తికమక పడకుండా బోల్టు వైపువన్నీ బూడిద రంగువి ఉంచి, తాడు వైపు వాటికి ఎర్ర టేపు వెన్ను మీద చుట్టాను.

స్లింగులు (గుండ్రంగా కుట్టిన పట్టీలు) కూడా ఈ వారమే మార్చాను. 60 సెంటీమీటర్ల డైనీమా అనే గట్టి దారపు స్లింగును మూడు మడతలు వేసి రెండు కారబైనర్లతో పొడవు క్విక్‌డ్రాలా వాడుకోవచ్చు. కారబైనర్ కదలకుండా ఉండాలని కొందరు దీనికీ రబ్బరు తొడుగు పెడతారు, నేనూ పెట్టాను, మళ్ళీ ఆ రాత్రే కూర్చుని అన్నీ పీకేశాను. పొట్టి క్విక్‌డ్రాకు తాడు వైపు రబ్బరు మంచిదే. మడతపెట్టి విప్పే పొడవు స్లింగుకు మాత్రం, తిప్పడంలో ఒక మడత జారితే స్లింగు కారబైనర్ బయటికి వచ్చేసి రబ్బరు ఒక్కటే పట్టుకుని ఉంటుంది, చూడ్డానికి మాత్రం అంతా బాగానే కనిపిస్తుంది. నేను బల్ల మీద పెట్టి చేసి చూశాను, రెండు సెకన్ల పని. వేలితో గట్టిగా లాగితే ఊడి వచ్చింది. 2013లో ఫ్రాన్స్‌లోని ఓర్పియర్‌లో 12 ఏళ్ళ ఇటలీ బాలుడు పడి చనిపోయింది కూడా రబ్బరు తప్పుగా జోడించిన క్విక్‌డ్రాల వల్లే, స్లింగులు రబ్బరు తొడుగులకే తగిలి ఉన్నాయి. ఇది గుర్తొచ్చాకే పీకేశాను.

నాలుగో వారం

ఇక పక్కన పెట్టిన ఆ డబ్బా. అంకెల్లేని 11.

పైన దూలానికి మందమైన తాడు కట్టి, తాళాలకు వాడే ఒక కారబైనర్ తగిలించి, దాని కింద 20 లీటర్ల నీళ్ళ డబ్బాలు ఒక్కోటిగా కట్టాను, నేలకు బెత్తెడు ఎత్తులోనే. ఒకటి, అంటే 20 కిలోలు, ఏమీ కాలేదు. రెండు, గేటుకూ ముక్కుకూ మధ్య గోరు పట్టేంత సందు వచ్చింది. మూడు కట్టి చేయి తీయగానే వంపు విప్పుకుంటున్నట్టు మెల్లగా సాగి, గేటు పక్కకు తప్పుకుంది. డబ్బాలు దభీమని పడ్డాయి. గది తుడవడానికి అరగంట పట్టింది. 60 కిలోలు, అంటే 0.6 కిలోన్యూటన్లు. ఆ 20లో ముప్ఫయ్యో వంతు కూడా కాదు! ఆకారం అదే, రంగు అదే, దూరం నుంచి చూస్తే ఏది ఏదో చెప్పలేం.

ఇది ఎందుకు చేశానంటే, వీటిలో రెండింటితో నేను పడుకునే ఊయల కట్టుకునేవాణ్ణి. ఊయలకు నా బరువే కదా అనుకుంటాం. తాడు నేలకు 30 డిగ్రీల కోణంలో ఉంటే 70 కిలోల మనిషికి ఒక్కో వైపు లాగుడు సరిగ్గా 70 కిలోలు. బాగా బిగించి 10 డిగ్రీలకు తెస్తే ఒక్కో వైపు 200 కిలోలు. వదులుగా కడితే వీపు వంగుతుందని నేను ఎప్పుడూ వీణ తీగలా బిగించి కట్టేవాణ్ణి. ఇన్నాళ్ళూ అవి ఊడకపోవడం నా అదృష్టం. ఇప్పుడు ఊయలకు ఎక్కడం నుంచి రిటైరైన, అంకెలున్న పాతవి రెండు.

మిగతా చిల్లర కారబైనర్లను వాటి పనికి వాటిని పంపాను. తాళాలు, నీళ్ళ సీసా, చుట్టిన కేబుళ్ళు గోడకు తగిలించడం, బ్యాగు బయట తడి బూట్లు వేలాడదీయడం. బరువు సంచులు నాలుగు ఒకేసారి పట్టుకోవాలంటే సన్నటిది వాడకండి, వేళ్ళు కోసుకుపోతాయి, లావుపాటి పెద్దదే సుఖం. తాళాలకు మాత్రం వైర్ గేటుది నాకు నచ్చలేదు, జేబులోంచి తీసేటప్పుడు ముక్కు గాడి చొక్కా దారాన్ని పట్టుకుంటుంది, నునుపు ముక్కుదే మేలు. ఈ పనులకు పోయిన ప్రతిదాని మీదా నల్ల టేపు చుట్టాను. నల్ల టేపున్నది మళ్ళీ హార్నెస్ మీదికి రాదు, అది 20 కిలోన్యూటన్లదైనా సరే. అది ఏ సామాను లాగిందో, ఏ బ్యాటరీ యాసిడ్ పక్కన పడుందో ఆర్నెల్ల తర్వాత నాకు గుర్తుండదు.

ఐదో వారం

కొత్తవాటిలో ఒకటి చేజారింది. సుమారు 15 మీటర్ల నుంచి, రాయి మీదికి, టింగుటింగుమంటూ. పడిన కారబైనర్‌లో కంటికి కనిపించని పగుళ్ళు వస్తాయని చాలామంది అంటారు. పడినవాటిని లాగి చూసిన పరీక్షల్లో మామూలువాటిలాగే తెగాయి తప్ప ఆ పగుళ్ళ కథ పెద్దగా నిలబడలేదు. కంటికి కనిపించే దెబ్బ, వంకరైన గేటు, సరిగ్గా మూసుకోని ముక్కు, ఇవే అసలు చూడాల్సినవి. నాదాని వెన్ను మీద బియ్యపు గింజంత నొక్కు తప్ప గేటు బాగానే ఆడుతోంది. అయినా ప్రతిసారీ దాన్నే చూస్తూ క్లిప్ చేయడం నా వల్ల కాదు. నల్ల టేపు చుట్టి నీళ్ళ సీసాకు ఇచ్చేశాను. "23 గ్రాముల దానికి ఇంత ఆలోచనా అన్నా" అని కుర్రాడు. వాడిది ఇంకా పడలేదు.

రెండిటి గేట్లు ఇసుక చేరి బరకబరకగా ఆడుతుంటే గోరువెచ్చని సబ్బు నీళ్ళలో పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, బాగా ఆరాక గేటు మూల దగ్గర పొడి లూబ్రికెంట్ చుక్క వేశాను. మామూలు నూనె వేస్తే ఆ రోజు బాగుంటుంది, మర్నాటికి ఇంకా ఎక్కువ ఇసుక పట్టుకుని కూర్చుంటుంది.

ఆరో వారం, తూకం మళ్ళీ

12 చిన్నవి చివరికి ఎక్కడ తేలాయంటే: ఎనిమిది పొడవు స్లింగుల రాతి వైపు, పలకల మీదా వాలు రూట్ల మీదా. ఒకటి నట్ల (రాతి పగుళ్ళలో ఇరికించే లోహపు దిమ్మెల) గుత్తి మోయడానికి, అక్కడ మాత్రం చిన్నది అద్భుతం. రెండు హార్నెస్ వెనక, దిగేటప్పుడు వేసుకునే బూట్లకు ఒకటి, జాకెట్‌కు ఒకటి. సీసాకు ఒకటి. ముందుకు వాలిన గోడలకు నాలుగు పాత పొట్టి క్విక్‌డ్రాలు కీలాక్‌లతో అలాగే ఉన్నాయి.

క్విక్‌డ్రాల్లో మారినవి ఎనిమిదే, ఒక్కోటి 22 గ్రాములు తగ్గింది. 176 గ్రాములు. అర కిలో అనుకుని మొదలుపెట్టింది గ్లాసుడు నీళ్ళ దగ్గర ఆగింది. హార్నెస్ జారడం మాత్రం తగ్గలేదు. నిన్న దాన్ని విప్పి చూస్తే నడుము బెల్టు బకిల్ దగ్గర అరిగి పట్టు వదులుతోంది.